చేతులకు గుర్తుంది, ఊపిరికి లేదు

మా మేనకోడలు ఏడేళ్ళ తర్వాత మళ్ళీ పూల్‌లో దిగింది. పదో తరగతి పరీక్షలప్పుడు మానేసిన పిల్ల. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరేలోపు నాలుగు వారాలు ఖాళీ దొరికితే, "ఒకసారి దూకి చూస్తానత్తా" అంది. గ్యాలరీ మెట్ల మీద నా పాత చోటులోనే కూర్చున్నాను. బ్లాక్ మీంచి దూకింది. మొదటి యాభై మీటర్లు చూసినవాళ్ళెవరూ మధ్యలో ఏడేళ్ళు గడిచాయని అనరు. మోచెయ్యి ఎత్తుగా లేస్తోంది. అరచెయ్యి చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి దిగుతోంది. గాలి పీల్చేటప్పుడు తల అవసరమైనంతే తిరుగుతోంది, ఒక కన్ను నీళ్ళలోనే ఉంటోంది. గోడ దగ్గర పల్టీ కూడా తప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు సగం దూరంలో లయ చెదిరింది. మూడు చేతులకోసారి పీల్చే గాలి రెండు చేతులకోసారి అయింది. కాళ్ళు కిందికి జారాయి. లేన్ తాడు పట్టుకుని ఆగిపోయింది. ఒడ్డుకొచ్చి రొప్పుతూ, "చేతులకి అన్నీ గుర్తున్నాయత్తా, ఊపిరికే ఏమీ గుర్తు లేదు" అంది.

శరీరశాస్త్రవేత్తలు అరవై ఏళ్ళకు పైగా ఈ సంగతినే కొలుస్తున్నారు. ఎదిగే వయసులో రోజూ గంటల తరబడి ఈదిన ఒంట్లో ఏవి కట్టడంలా నిలబడిపోతాయి, ఏవి కుండలో నీళ్ళలా రోజూ నింపితేనే ఉంటాయి అన్నది వాళ్ళ ప్రశ్న. "అన్నేళ్ళు నేర్పించి ఏం లాభం, అంతా నీళ్ళపాలేగా" అని మా వదిన చాలాసార్లు అంది. ఆ మాటకు జవాబు వెతకబోయే నేను ఈ పరిశోధనల్లో పడ్డాను.

అసలు ఆ పిల్లను ఈతలో వేసింది పతకాల కోసం కాదు, పొడుగవుతుందని. మన ఊళ్ళలో ఈ నమ్మకం గట్టిది. వేసవి సెలవులు ఇవ్వగానే పూల్ గేటు ముందు ఫారాలు పట్టుకుని నిలబడే అమ్మానాన్నల్లో చాలామంది ఆశ ఇదే. కానీ ఎముక పొడవు పెరిగేది దాని చివర్లలో ఉండే ఎదుగుదల పలకల దగ్గర. ఆ పలకలు వినేది వంశం మాట, హార్మోన్ల మాట, తిండి మాట. నీళ్ళలో చేతులు చాచినంత మాత్రాన అవి సాగవు. మరి గొప్ప ఈతగాళ్ళంతా తాటిచెట్లలా ఎందుకుంటారంటే, పొడుగ్గా ఉన్నవాళ్ళే వడపోతలో మిగులుతారు గనక. నీటి ఉపరితలం మీద కదిలే దేనికైనా ముందు ఒక అల లేస్తుంది, ఆ అలను తోసుకుంటూ వెళ్ళాలి. ఒకే వేగంలో పొట్టి పడవ కన్నా పొడవాటి పడవకు ఆ బాధ తక్కువ. మనిషికీ అంతే. మైకేల్ ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు, చాచిన చేతుల కొలత 201. ఈత ఆయన్ని సాగదీయలేదు, ఆయన కొలతలు ఈతకు సరిపోయాయి. మా పిల్ల ఐదడుగుల రెండంగుళాల దగ్గర ఆగింది. వాళ్ళమ్మ ఎత్తు కూడా అంతే.

ఏడేళ్ళకు చేరితే తొమ్మిదేళ్ళకు జిల్లా పోటీలు, పదకొండేళ్ళకు రాష్ట్రం. అప్పటినుంచి ఇంటి గడియారం మొత్తం పూల్ టైముకు తిరిగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం, ఐదున్నరకు నీళ్ళు, ఎనిమిదింటికి బడి, సాయంత్రం మళ్ళీ నీళ్ళు. మా అమ్మకు మాత్రం ఒకటే దిగులు, పిల్ల నల్లబడిపోతోందని. ఆ అలారం గురించి నాకు అప్పుడు తెలియని విషయం ఒకటుంది. కౌమారంలో మెదడులోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ పెద్దవాళ్ళలో కన్నా, చిన్నపిల్లల్లో కన్నా రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అంటే పద్నాలుగేళ్ళ పిల్లను తొమ్మిదింటికి పడుకోబెట్టినా నిద్ర పట్టదు, నాలుగున్నరకు లేపితే సగం నిద్రే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న ఆస్ట్రేలియా ఈతగాళ్ళ నిద్రను రెండు వారాల పాటు కొలిచారు. పొద్దున్నే శిక్షణ ఉన్న రోజుల్లో వాళ్ళు పడుకున్నది సగటున 5.4 గంటలే, సెలవు రోజుల్లో 7.1. ఒలింపిక్ జట్టు స్థాయి వాళ్ళ గతే అది. కండ మరమ్మతు, ఎదుగుదల హార్మోను, నేర్చుకున్నది మెదడులో స్థిరపడడం, ఇవన్నీ నిద్ర మీద ఆధారపడినవి. లెక్క చూస్తే మనం ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో తవ్వుతున్నట్టే ఉంది.

ఇక నీళ్ళు. గాలి కన్నా దాదాపు 800 రెట్లు చిక్కని పదార్థం. అందులో వేగం పెంచాలంటే పడే శ్రమ నేల మీద పరుగు లెక్కలకు అందదు. నీటి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. పదో వంతు వేగం పెంచాలంటే మూడో వంతు ఎక్కువ శక్తి పెట్టాలన్నమాట. మామూలు ఈతగాడు ఖర్చు చేసే శక్తిలో పదో వంతు కూడా అతన్ని ముందుకు తోయదు. మిగతాదంతా ఒంటి వేడిగానూ, నీళ్ళను అటూ ఇటూ కలపడంలోనూ పోతుంది. అందుకే మంచి కోచ్ బలం పెంచే ముందు అడ్డు తగ్గిస్తాడు. నడుం పైకి, తల కిందికి, చెయ్యి ముందుకు చాచి మోచెయ్యి దించకుండా నీళ్ళు పట్టడం. "పట్టమ్మా, కొట్టకు" అని మా కోచ్ సార్ రోజుకు వందసార్లు అరిచేవారు. అలా పట్టడం అరచేతి చర్మానికీ మెదడుకీ మధ్య నడిచే సంభాషణ. అరచేతి మీద ఒత్తిడి ఎక్కడ ఎంతుందో తెలుసుకుని వేళ్ళ కోణాన్ని రవ్వంత మార్చడం మాటలతో వచ్చే విద్య కాదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు అది పట్టుబడుతుంటే చూడడం నాకెప్పుడూ వింతే. నిన్నటిదాకా నీళ్ళతో కొట్లాడిన పిల్ల ఒకరోజు ఉన్నట్టుండి జారడం మొదలుపెడుతుంది.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకెళతాను. పూల్ దగ్గర వచ్చే ఆ ఘాటు వాసనను మనం క్లోరిన్ వాసన అంటాం, వాసన ఎంత ఎక్కువుంటే నీళ్ళు అంత శుభ్రమనుకుంటాం. నిజం తలకిందులు. నీళ్ళలో చేరిన చెమటతో, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమీన్ల వాసన అది. మెడ దాకా మునిగిన మనిషికి మూత్రం రావడం కూడా శరీరధర్మమే. నీటి ఒత్తిడికి కాళ్ళలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి మూత్రపిండాలకు కబురు పంపుతుంది. పిల్లల్ని తిట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకుని, దిగే ముందు బాత్‌రూమ్‌కూ షవర్‌కూ పంపితే సరి. కప్పున్న పూల్స్‌లో ఈ క్లోరమీన్ల ఆవిరి నీటి మీద పరచుకుని ఉంటుంది, ఈతగాడు పీల్చేది సరిగ్గా ఆ గాలినే. పోటీ ఈతగాళ్ళలో ఉబ్బసం లక్షణాలు ఎక్కువగా కనబడడానికి అదొక కారణమంటారు. మన పూల్స్ చాలావరకు ఆకాశం కింద ఉండడం ఈ ఒక్క విషయంలో అదృష్టమే.

ఇప్పుడు స్వీడన్ వెళ్దాం. పిల్లల ఈత గురించి నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన పరిశోధన అక్కడిది. స్టాక్‌హోమ్‌లో పెర్-ఓలోఫ్ ఆస్ట్రాండ్ అనే శరీరశాస్త్రవేత్త ఉండేవాడు, 1922లో పుట్టి 2015లో పోయాడు. ఆడపిల్లలు అంత కఠినమైన శిక్షణ చేస్తే వాళ్ళ గుండె ఏమవుతుంది, రేపు పిల్లలు పుడతారా, మనసు దెబ్బతింటుందా అని స్వీడన్‌లో అప్పట్లో పెద్ద చర్చ. మన పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ అడిగే ప్రశ్నలే అవి. ఆస్ట్రాండ్ బృందం పన్నెండు నుంచి పదహారేళ్ళ మధ్య వయసున్న 30 మంది అమ్మాయిల్ని తీసుకుంది. దేశంలోని మేటి ఈతగత్తెలు అందులో ఉన్నారు. వారానికి ఆరు కిలోమీటర్లు ఈదేవాళ్ళ నుంచి అరవైకి పైగా ఈదేవాళ్ళ దాకా ఉన్నారు. పిల్లల వైద్యులు, శరీరశాస్త్రవేత్తలు, స్త్రీల వైద్యులు, మనోవైద్యులు కలిసి వాళ్ళను అన్ని వైపుల నుంచీ పరీక్షించి 1963లో ఫలితాలు అచ్చువేశారు.

ఊపిరితిత్తుల సామర్థ్యం ఆ వయసు, ఆ ఎత్తు పిల్లలకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. గుండె పరిమాణం ఎక్కువ. ఒంట్లో రక్తం, హిమోగ్లోబిన్ ఎక్కువ. వీటన్నిటి ఫలితంగా ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి, కిలో బరువుకు నిమిషానికి 52 మిల్లీలీటర్ల దరిదాపుల్లో. ఎంత ఎక్కువ ఈదినవాళ్ళలో ఈ కొలతలు అంత ఎక్కువ. పెద్ద గుండె జబ్బు గుండె కాదని, పనికి తగ్గట్టు పెరిగిన ఆరోగ్యమైన గుండేనని తేల్చారు. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఈదడం వల్ల ఊపిరితిత్తులు పెరిగాయా, పుట్టుకతో పెద్ద ఊపిరితిత్తులున్న పిల్లలే ఈతలో నిలిచారా? ఎత్తు విషయంలో వచ్చిన పేచీయే ఇక్కడా. ఎత్తులో మాత్రం జవాబు సులువు, ఊపిరి విషయంలో రెండూ నిజమే అనిపిస్తుంది. నీళ్ళలో ఉన్నప్పుడు ఛాతీ చుట్టూ నీటి బరువు నొక్కుతుంటుంది, ప్రతి శ్వాసా ఆ బరువును తోసి తీసుకోవాలి. పైగా చేతుల లయ ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడే, అర సెకనులో నిండా పీల్చాలి. పక్కటెముకలు ఇంకా మెత్తగా, ఛాతీ ఇంకా విస్తరిస్తూ ఉన్న వయసులో రోజూ ఈ కసరత్తు జరిగితే గూడు పెద్దదవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ అమ్మాయిల సంగతి అక్కడితో ఆపి, మన పూల్‌లో పన్నెండు పదమూడేళ్ళ వయసులో జరిగే ఒక విషాదం దగ్గరికి రావాలి. పదేళ్ళ లోపు ఈత పోటీల్లో ఆడ మగ తేడా దాదాపు ఉండదు, చాలాసార్లు ఆడపిల్లలే ముందుంటారు. మా పిల్ల పదేళ్ళప్పుడు తన లేన్‌లోని మగపిల్లలందర్నీ వెనకేసేది. పదమూడు దాటాక వాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. కోచ్ సార్ శ్రద్ధ తగ్గిందన్నారు, మా అన్నయ్య ఫోన్ ఎక్కువైందన్నాడు. జరిగింది ఎండోక్రైనాలజీ. యవ్వనం రాగానే అబ్బాయిల్లో టెస్టోస్టిరోన్ కండనూ హిమోగ్లోబిన్‌నూ అరచేతినీ పాదాన్నీ పెంచుతుంది. అమ్మాయిల్లో కొవ్వు చేరుతుంది, తుంటి వెడల్పవుతుంది, నీళ్ళలో ఒళ్ళు తేలే తీరే మారిపోతుంది. నిన్నటి ఒంటికి నేర్చుకున్న ఈత ఇవాళ్టి ఒంటికి సరిపోదు, మళ్ళీ సరిచేసుకోవాలి. అందుకు నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది. 100 మీటర్ల ఫ్రీ స్టయిల్‌లో పారిస్ ఒలింపిక్స్ ముగిసేనాటికి పురుషుల ప్రపంచ రికార్డు పాన్ ఝాన్‌లె 46.40 సెకన్లు, స్త్రీల రికార్డు శారా షోస్ట్రోమ్ 51.71 సెకన్లు. పదకొండు శాతం పైచిలుకు తేడా. ఆ తేడా పుట్టేది ఈ రెండు మూడేళ్ళలోనే. సరిగ్గా అప్పుడే నెలసరి మొదలవుతుంది, దాని గురించి పూల్ దగ్గర ఎవరూ నోరు విప్పరు. నెలకు ఐదు రోజులు 'జ్వరం' అని చెప్పి ఎగ్గొట్టే పిల్లల్ని నేను చూశాను. పతకాల లెక్కలు వేసుకునే ముందు ఆడపిల్లల తల్లిదండ్రులకూ కోచ్‌లకూ ఈ ఒక్క పాఠం చెబితే, చాలామంది పిల్లలు ఈత మీద విరక్తి లేకుండా బయటికొస్తారని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత వచ్చేది భుజం. లెక్క సులువు. యాభై మీటర్లకు ఒక్కో చెయ్యి ఇరవైసార్లు తిరుగుతుందనుకోండి. రోజుకు ఆరు కిలోమీటర్లంటే ఒక్కో భుజం 2,400 సార్లు, వారానికి ఆరు రోజులైతే 14,400 సార్లు. భుజం మన ఒంట్లో అన్నిటికన్నా స్వేచ్ఛగా తిరిగే కీలు. ఆ స్వేచ్ఛకు మూల్యం ఏమిటంటే, ఎముకల గిన్నె లోతు తక్కువ. బంతిని గిన్నెలో పట్టి ఉంచేది చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు, వాటి స్నాయుబంధనాలు. అలసిన కండరం బంతిని సరిగ్గా పట్టలేక పోతే, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ పైనున్న బంధనం ఎముక అంచుకు ఒరుసుకుంటుంది. 1974లో కెనెడీ, హాకిన్స్ అనే వైద్యులు దీనికి 'ఈతగాడి భుజం' అని పేరు పెట్టారు.

అమెరికా అమ్మాయి మిస్సీ ఫ్రాంక్లిన్ 2012 లండన్ ఒలింపిక్స్‌కు హైస్కూల్ విద్యార్థినిగా వెళ్ళి, పదిహేడేళ్ళకు నాలుగు స్వర్ణాలు, ఒక కాంస్యం తెచ్చుకుంది. మరుసటి ఏడు బార్సెలోనా ప్రపంచ పోటీల్లో ఆరు స్వర్ణాలు. 2017 మొదట్లో రెండు భుజాలకూ శస్త్రచికిత్స, 2018 డిసెంబరులో ఇరవై మూడేళ్ళకే రిటైర్మెంట్. నొప్పి తగ్గలేదని చెప్పి వెళ్ళిపోయింది.

అన్ని కిలోమీటర్లు నిజంగా అవసరమా? ఈ ప్రశ్న అమెరికాలో డేవిడ్ కాస్టిల్ అనే శాస్త్రవేత్త వేశాడు. కాలేజీ ఈతగాళ్ళను రెండు జట్లుగా చేసి, ఆరు వారాల పాటు ఒక జట్టుతో రోజుకు ఒకసారి, ఇంకో జట్టుతో రోజుకు రెండుసార్లు ఈత చేయించాడు. 1991లో ఫలితాలు వచ్చాయి. రెండుసార్లు ఈదినవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు, పైగా చిన్న దూరాల వేగం తగ్గింది. నిమిషంలోపు అయిపోయే పోటీ కోసం రోజుకు నాలుగు గంటలు ఈదించడం ఏ లెక్కన సబబో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దీని మీద కోచ్‌ల మధ్య వాదన తెగలేదు, తెగేలోపు పిల్లల భుజాలు అరుగుతూనే ఉంటాయి.

మన దగ్గర మాత్రం చాలామంది భుజం అరిగేదాకా కూడా ఉండరు. టెన్త్ రాగానే తాడు తెగుతుంది. ఇంటర్ హాస్టల్, జేఈఈ, నీట్, ఈఏపీసెట్. పదిహేనేళ్ళకు నేషనల్స్ దాకా వెళ్ళిన పిల్ల జూన్‌లో హాస్టల్ గదిలో పుస్తకం ముందు కూర్చుంటుంది, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. వారానికి ముప్ఫై కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా సున్నా. ఆ సున్నా ఒంట్లో ఏం చేస్తుందో ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో వారాల వారీగా కొలిచింది, ఈతగాళ్ళలో కాదు గానీ బాగా శిక్షణ పొందిన పరుగు, సైకిల్ క్రీడాకారుల్లో. మొదటి మూడు వారాల్లో గరిష్ఠ ఆక్సిజన్ వాడకం 7 శాతం పడింది. ఎనిమిది వారాలకు 16 శాతం పడి అక్కడ నిలిచింది. ముందు పోయేది రక్తంలోని ప్లాస్మా, అది కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. రక్తం తగ్గితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తోసేదీ తగ్గుతుంది. తర్వాత కండల్లో మైటోకాండ్రియా పలచబడతాయి, వాడని కొట్టును ఒళ్ళు ఎక్కువకాలం నడపదు. ఆకలి మాత్రం కొన్నాళ్ళు పాత లెక్కలోనే ఉంటుంది. మా పిల్ల ఇంటర్ మొదటి ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరగడం వెనక రహస్యం అంతకన్నా లేదు, హాస్టల్ పూరీల వల్ల అని మా అమ్మ నమ్మినా సరే.

స్వీడన్ అమ్మాయిల్ని అదే బృందం మళ్ళీ పిలిచింది. అప్పటికి వాళ్ళు ఇరవైలలో ఉన్నారు, ఈత మానేశారు, కొందరికి పెళ్ళయి పిల్లలు. 1971లో ఆ ఫలితాలు, 1978లో పదేళ్ళ పరిశీలన అచ్చయ్యాయి. గరిష్ఠ ఆక్సిజన్ వాడకం 52 నుంచి 37 దగ్గరికి, అంటే దాదాపు 30 శాతం జారింది. ఒకప్పటి దేశపు మేటి ఈతగత్తెలు ఆ కొలతలో మామూలు యువతుల కన్నా గొప్పగా ఏమీ లేరు. కానీ ఊపిరితిత్తుల పరిమాణం, గుండె పరిమాణం పెద్దవి పెద్దవిగానే ఉన్నాయి. ఆ పరిశోధన చదివినప్పుడు పెద్ద ఇంట్లో ఒక్క గదిలోనే దీపం పెట్టుకుని బతుకుతున్న మనుషులు నా కళ్ళ ముందు మెదిలారు. ఇల్లు ఎక్కడికీ పోలేదు, తక్కిన గదులు తుడిచి దీపాలు పెట్టేవాళ్ళు లేరంతే.

ఈ బృందంలోనే ఉన్న బెంగ్ట్ సాల్టిన్ 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఇంకో ప్రసిద్ధ ప్రయోగం చేయించాడు. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఐదుగురు మూడు వారాలు మంచం దిగకుండా పడుకున్నారు. వాళ్ళ ఆక్సిజన్ వాడకం పాతిక శాతానికి పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. హాస్టల్ కుర్చీ మంచం అంత చెడ్డది కాకపోవచ్చు, దాని దూరపు చుట్టమైతే అవునేమో.

మరి చేతులు? వాటి జ్ఞాపకం నిజానికి చేతుల్లో లేదు, చిన్న మెదడులోనూ దానితో కలిసి పనిచేసే నాడుల్లోనూ ఉంది. లక్షల సార్లు చేసిన కదలికల క్రమం అక్కడ ఒక్క ముక్కగా గట్టిపడుతుంది. సైకిలు మరిచిపోనట్టే, చిన్నప్పుడు బావిలో బెండు కట్టుకుని నేర్చిన ఈత అరవయ్యేళ్ళకు చెరువులో అక్కరకొచ్చినట్టే, ఇదీ చెరగదు. ఇందులో ఒక మెలిక ఉంది. నాలుగు వారాలు మానేసిన ఈతగాళ్ళను పరీక్షిస్తే, ఒడ్డు మీద కండబలం తగ్గలేదు గానీ నీళ్ళను నెట్టే బలం తగ్గింది. కదలిక గుర్తుంది, అరచేతికీ నీటికీ మధ్య సంభాషణ మసకబారింది. మా పిల్ల కూడా రెండో రోజు అదే అంది, "నీళ్ళు చేతికి చిక్కడం లేదత్తా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నట్టుంది" అని. వారంలో తిరిగొచ్చింది.

ఈత ఇవ్వనిది కూడా ఒకటుంది, దాన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఎముక. ఎదుగుదల ఉరకలు వేసే రెండేళ్ళలోనే మనిషి జీవితకాలపు ఎముక ఖనిజంలో నాలుగో వంతు చేరుతుంది. ఎముక గట్టిపడాలంటే దెబ్బ తగలాలి, గెంతాలి, నేలను తన్నాలి. నీళ్ళు ఒంటి బరువును మోసేస్తాయి గనక ఆ దెబ్బ ఉండదు. ఎంతో కష్టపడే ఈత పిల్లల ఎముక సాంద్రత ఏ ఆటా ఆడని పిల్లల దగ్గరే ఉంటోందని, జిమ్నాస్టిక్స్‌లా గెంతే ఆటల పిల్లలు ముందుంటున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. ఈత పిల్లలకు తాడాట నేర్పించండి, ఖర్చు లేని పని.

మనసు సంగతి శరీరం కన్నా నెమ్మదిగా తేలుతుంది. 'నేనెవరు' అన్న ప్రశ్నకు ఒకే జవాబు పెట్టుకున్న పిల్లలకు ఆ జవాబు పోయినప్పుడు ఏమవుతుందో కొలవడానికి 1993లో అమెరికాలో బ్రూవర్, సహచరులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. క్రీడాకారుడిననే గుర్తింపు ఎంత ఒంటిగా ఉంటే విడిపోవడం అంత కష్టమని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఇరవై నాలుగేళ్ళకు మొదటిసారి రిటైరైన ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్, లండన్ తర్వాత ఫెల్ప్స్, ఇద్దరూ తమ కుంగుబాటు గురించి బహిరంగంగా చెప్పారు. పతకాలు అందుకు మందు కాలేదు. మన దేశంలో కొందరి దారి చూస్తే వేరే తలుపులు కనబడతాయి. 2004 ఏథెన్స్‌కు వెళ్ళిన బెంగళూరు అమ్మాయి శిఖా టాండన్ బయోటెక్నాలజీ చదివి అమెరికా డోపింగ్ నిరోధక సంస్థలో పనిచేసింది. పదహారేళ్ళకు బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదిన వీర్ధవల్ ఖాడే 2010 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చి, మహారాష్ట్రలో తహసీల్దారు ఉద్యోగంలో చేరి, కొన్నేళ్ళు నీళ్ళకు దూరమై, తిరిగొచ్చి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నాడు. అమెరికా ఈతగాడు ఆంథొనీ ఎర్విన్ కథ ఇంకా చిత్రం. 2000 సిడ్నీలో స్వర్ణం, ఇరవై రెండేళ్ళకు ఈత బంద్, ఆ పతకాన్ని హిందూ మహాసముద్రపు సునామీ బాధితుల కోసం వేలంలో అమ్మేశాడు. ముప్ఫై అయిదేళ్ళకు రియోలో అదే 50 మీటర్లలో మళ్ళీ స్వర్ణం.

ఇలాంటివాళ్ళు కొద్దిమందే. పిన్న వయసులో గెలిచినవాళ్ళు, పెద్దయ్యాక గెలిచినవాళ్ళు చాలావరకు వేర్వేరు మనుషులని క్రీడా పరిశోధకులు అనేక ఆటల లెక్కలు తీసి చూపించారు. పద్నాలుగేళ్ళకు ఐరోపా విజేత అయి, ముప్ఫై ఏళ్ళకు పారిస్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన షోస్ట్రోమ్ లాంటివాళ్ళను చూసి మన పిల్లల భవిష్యత్తు లెక్కగట్టడం, లాటరీ గెలిచినవాడిని చూసి ఇంటి బడ్జెట్ రాసుకోవడం లాంటిది.

మా పిల్ల నాలుగు వారాలూ వెళ్ళింది. చివరికి నాలుగు వందల మీటర్లు ఆగకుండా ఈదింది. ఎంత సేపట్లో అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఉద్యోగానికి వెళ్ళే ముందు కజిన్ పెళ్ళికి బ్లౌజు కుట్టించడానికి టైలరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ టేపు పెట్టి భుజం కొలత చూసింది, పుస్తకంలో రాయబోయి ఆగింది, మళ్ళీ కొలిచింది. "ఏమ్మా, జిమ్‌కి వెళ్తావా?" అని అడిగింది.

"లేదండీ," అంది మా పిల్ల, "చిన్నప్పుడు ఈదేదాన్ని."